పాత కార్ల వేలంలో 1967 ఫోర్డ్ మస్టాంగ్: ఒకటి 50 వేల డాలర్లలోపే, ఇంకోటి 2 లక్షల పైన ఎందుకు పోతుంది? ఎంత దాకా పాడొచ్చు?

డాలస్ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "టీవీలో ఫ్లోరిడాలోని కిసిమ్మీలో జరిగే పాత కార్ల వేలం చూశాను. 1967 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి ఏటవాలుగా జారే బాడీ) ఒకటి 50 వేల డాలర్లలోపే పోయింది. గంట తిరక్కుండానే చూడ్డానికి అలాంటిదే ఇంకోటి 2 లక్షలు దాటింది. రెండూ నిగనిగలాడుతున్నాయి, రెండిటిలోనూ ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిన్లే. తేడా ఎక్కడుంది? నా దగ్గర అన్నీ కలిపి 50 వేలున్నాయి. వచ్చే జనవరిలో వెళ్లి ఒక ఫాస్ట్‌బ్యాక్ పాడుకోవాలని ఉంది. ఎంత దాకా వెళ్లొచ్చు?"

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. చేతిలో 50 వేలుంటే పాట 38,500 దగ్గర ఆపేయాలి. ఆ డబ్బుకు నికార్సైన ఫాస్ట్‌బ్యాక్ రాదు. వచ్చిందంటే దాని వెనక ఏదో కథ ఉందని అర్థం. అదే డబ్బుకు 289 క్యూబిక్ అంగుళాల వీ8 ఉన్న 1967 హార్డ్‌టాప్ (మామూలు గట్టి పైకప్పు బాడీ) మాత్రం చాలా మంచిది దొరుకుతుంది. నేనైతే దానికే వెళ్తాను.

ఇక మీరు చూసిన రెండో కారు దాదాపుగా షెల్బీ జీటీ500 అయ్యుంటుంది. 1967లో ఫోర్డ్ చేసిన మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్‌లు 71,042. వాటిలోంచి కారల్ షెల్బీ కంపెనీ షెల్బీ అమెరికన్ చేతిలో పడి జీటీ500గా బయటికొచ్చినవి 2,048 మాత్రమే. టీవీ తెర మీద రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కానీ ఆ లక్షన్నర తేడా పెయింట్‌లో లేదు, కాగితాల్లోనూ పెయింట్ కింద ఉన్న ఇనుములోనూ ఉంది. ఆ రెండూ ఎలా చూడాలో వివరంగా రాస్తాను. దానికి ముందు లెక్క.

38,500 ఎలా వచ్చిందంటే

సుత్తి పడినప్పుడున్న ధరను హ్యామర్ ప్రైస్ అంటారు. దాని మీద కొన్నవాడు వేలం సంస్థకు బయ్యర్స్ ప్రీమియం కట్టాలి. మీకమ్, బారెట్-జాక్సన్ లాంటి వేలం సంస్థల దగ్గర హాల్లో కూర్చుని పాడితే సాధారణంగా 10 శాతం. ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో పాడితే ఇంకాస్త ఎక్కువ పడొచ్చు, కాబట్టి బిడ్డర్‌గా నమోదయ్యేటప్పుడు ఇచ్చే నిబంధనల కాగితం చదవండి. టెక్సాస్‌లో వాహనం మీద సేల్స్ ట్యాక్స్ 6.25 శాతం.

38,500కు ప్రీమియం 3,850 కలిపితే 42,350. దాని మీద పన్ను దాదాపు 2,650. అక్కడికే 45,000 అయింది. ఫ్లోరిడా నుంచి డాలస్‌కు ఓపెన్ ట్రైలర్ రవాణాకు 1,500 అనుకోండి. మూసిన ట్రైలరైతే దాదాపు రెట్టింపు. బిడ్డర్ రుసుము, టైటిల్ (కారు యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ ఖర్చులకు 500. ఇంటికొచ్చాక మొదటి నెలలో టైర్లకు, బ్రేకులకు, పెట్రోల్ గొట్టాలకు 3,000. మొత్తం 50,000 చేరింది. మీ విమానం టికెట్టు, హోటలు ఇందులో లేవు.

కారును ఫ్లోరిడాలోనే చేతికి తీసుకుని నడుపుకుంటూ వస్తే అక్కడి పన్ను మాట రావచ్చు. ట్రాన్స్‌పోర్టర్‌కు అప్పగించి రాష్ట్రం దాటిస్తే సాధారణంగా మీ రాష్ట్రంలోనే కడతారు. డబ్బు కట్టే ముందు ఆఫీసు కౌంటర్లో ఈ సంగతి అడిగి తేల్చుకోండి.

ఇంకో చిన్న విషయం. తెర మీద మీకు కనిపించే అంకె హ్యామర్ ప్రైస్. మర్నాడు వార్తల్లో వచ్చేది ప్రీమియం కలిపిన ధర. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్‌క్వీన్ 'బుల్లిట్' సినిమాలో నడిపిన 1968 మస్టాంగ్ జీటీ 2020 జనవరిలో కిసిమ్మీలోనే అమ్ముడైంది. ఒకరు 34 లక్షల డాలర్లంటారు, ఒకరు 37.4 లక్షలంటారు. రెండూ నిజమే. పాత వేలాల ధరలు పోల్చేటప్పుడు ఏ అంకెను దేనితో పోలుస్తున్నారో చూసుకోకపోతే 10 శాతం అక్కడే తప్పిపోతుంది.

విన్ నంబరు చదవడం

విన్ అంటే ఒక్కో కారుకు ఫ్యాక్టరీ ఇచ్చే గుర్తింపు సంఖ్య. 1967 మస్టాంగ్ విన్‌లో 11 స్థానాలుంటాయి. మొదటి అంకె 7 అంటే 1967 మోడల్. రెండోది ఫ్యాక్టరీ: ఎఫ్ అంటే డియర్‌బోర్న్, ఆర్ అంటే శాన్ హోసే, టి అంటే మెటచెన్. తర్వాతి రెండంకెలు బాడీ: 01 హార్డ్‌టాప్, 02 ఫాస్ట్‌బ్యాక్, 03 కన్వర్టిబుల్ (పైకప్పు మడిచేది). ఐదో స్థానంలో ఇంజిన్ అక్షరం: టి అంటే 200 సిక్స్ సిలిండర్, సి అంటే టూ బ్యారెల్ కార్బ్యురేటర్ ఉన్న 289, ఎ అంటే ఫోర్ బ్యారెల్ 289, కె అంటే హై పెర్ఫార్మెన్స్ 289, ఎస్ అంటే 390. మిగిలిన ఆరూ వరుస సంఖ్య.

ఈ నంబరు డ్రైవర్ వైపు ఇన్నర్ ఫెండర్ ఏప్రన్ (ఇంజిన్ పక్కనుండే లోపలి రేకు) పైఅంచున కొట్టి ఉంటుంది. హుడ్ ఎత్తితే ఫెండర్‌లో వదిలిన చిన్న గాడిలోంచి కనబడుతుంది. డోర్ మీది వారంటీ ప్లేటు చూసి సరిపెట్టుకోవద్దు. కొత్త ప్లేట్లు, రివెట్లు బజార్లో దొరుకుతాయి. ఏప్రన్ మీది అచ్చే ప్రమాణం. అక్కడ చుట్టూ వెల్డింగ్ అతుకు కనిపించినా, గ్రైండర్ పెట్టిన గీతలున్నా, అచ్చు అక్షరాల లోతు ఒకేలా లేకపోయినా అక్కణ్నుంచి నడిచెళ్లిపోండి. అది ధరకు సంబంధించిన సమస్య కాదు, రేపు టైటిల్ దగ్గరా పోలీసుల దగ్గరా వచ్చే సమస్య.

50 వేలలోపు ఫాస్ట్‌బ్యాక్‌లో మొదట చూడాల్సింది మూడు, నాలుగు స్థానాలు. కారు ఫాస్ట్‌బ్యాక్‌లా కనిపిస్తూ అక్కడ 01 ఉంటే అది హార్డ్‌టాప్‌కు పైకప్పు కోసి వెనక భాగం అతికించిన కారు. పని శుభ్రంగా చేస్తే వాడుకోవడానికి ఇబ్బంది లేదు, కానీ అసలు ఫాస్ట్‌బ్యాక్ ధర దానికి రాదు, రేపు మీరు అమ్మినా రాదు. ఐదో స్థానంలో సి ఉండి హుడ్ కింద 390 ఉంటే ఇంజిన్ తర్వాత వేసింది.

విన్ చెప్పని సంగతులూ ఉన్నాయి. 1967లో జీటీ అనేది ఆప్షన్ ప్యాకేజీ, విన్‌లో దాని జాడ ఉండదు. బ్యాడ్జీలు, ఫాగ్ లైట్ల గ్రిల్, జంట సైలెన్సర్ గొట్టాలు అన్నీ కొత్తవి కొని బిగించొచ్చు. ఇక్కడో చిన్న కిటుకు: ఆ ఒక్క సంవత్సరం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న జీటీలకు ఫెండర్ మీద జీటీఏ అని బ్యాడ్జి వేశారు. ఆటోమేటిక్ కారు మీద ఒట్టి జీటీ బ్యాడ్జి కనిపిస్తే ఎవరో తర్వాత తగిలించారని అనుమానించొచ్చు.

అనుమానం తీర్చేది మార్టి రిపోర్టు. 1967 నుంచి ఫోర్డ్ తయారుచేసిన కార్ల రికార్డులు కెవిన్ మార్టి దగ్గరున్నాయి. విన్ ఇచ్చి డబ్బు కడితే ఆ కారు ఏ తేదీన తయారైంది, ఏ రంగు, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ యాక్సిల్, ఏ ఆప్షన్లు, ఏ డీలర్‌కు వెళ్లింది అన్నీ వస్తాయి. అమ్మేవాడు చూపించిన ఫొటోకాపీతో సరిపెట్టుకోకండి, మీరే తెప్పించుకోండి. 40 వేలు పెట్టేవాడికి ఆ ఖర్చు ఒక లెక్కలోనిది కాదు. 1965, 66 మస్టాంగ్‌లకు ఈ సౌకర్యం లేదు. 1967 ఎంచుకున్నందుకు మీకు కలిసొచ్చిన అదృష్టం ఇది. షెల్బీలకైతే షెల్బీ అమెరికన్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ల రిజిస్ట్రీ అదనం. ఆ రిజిస్ట్రీలో నంబరు లేని "జీటీ500"ను ఫాస్ట్‌బ్యాక్ ధరకే లెక్కగట్టాలి, ఎన్ని చారలున్నా సరే.

"మ్యాచింగ్ నంబర్స్" అంటే ఏ నంబరుతో ఏ నంబరు?

ఈ మాట కేటలాగులో కనబడగానే ధర పైకి లేస్తుంది. 1967 ఫోర్డ్‌లో కె కోడ్ ఇంజిన్లను మినహాయిస్తే ఇంజిన్ బ్లాక్ మీద కారు విన్ కొట్టలేదు. ఆ పద్ధతి మిగతా ఇంజిన్లకు 1968 మోడల్ నుంచి వచ్చింది. అంటే 1967 మస్టాంగ్ 390కి "మ్యాచింగ్ నంబర్స్" అని రాస్తే, ఏది దేనితో కలిసిందో చూపించమని అడగాలి. మహా అయితే తేదీలు కలుస్తాయి. ఫోర్డ్ పోత తేదీ ఇలా ఉంటుంది: 7బి14 అంటే 1967 ఫిబ్రవరి 14. నెలకు ఎ, బి, సి వరుస, మధ్యలో ఐ అక్షరం వదిలేస్తారు. బ్లాక్ పోత పోసిన తేదీ కారు తయారైన తేదీకి ముందుండాలి, మామూలుగా కొన్ని వారాలో ఒకట్రెండు నెలలో. కారు తయారయ్యాక పోత పోసిన బ్లాక్ అందులో ఉందంటే ఇంక వాదన అక్కర్లేదు.

షెవర్లే దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. అక్కడ ఇంజిన్ మీద నంబరుంటుంది, ఫ్యాక్టరీ రికార్డులు చాలావరకు ఉండవు. 1970 షెవెల్ ఎస్ఎస్ 454 ఎల్ఎస్6 (454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌లో ఎల్ఎస్6 అనే బలమైన రకం వేసిన కారు) తీసుకోండి. 450 హార్స్‌పవర్, ఎల్ కమీనో పికప్‌లతో కలిపి 4,475 మాత్రమే చేశారు. ఆ ఏడాది విన్‌లో వీ8 అని తెలుస్తుంది తప్ప అది ఎస్ఎస్ అవునో కాదో, 454 ఉందో లేదో తెలీదు. మామూలు షెవెల్ మాలిబుకూ ఎల్ఎస్6కూ విన్ మొదటి భాగం ఒకటే. అందుకే కారుకు ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ అనే నలిగిపోయిన కాగితం ముక్కకు అంత విలువ. సీటు స్ప్రింగుల మధ్యనో పెట్రోల్ ట్యాంకు మీదనో ఎలుకలు కొరకగా మిగిలింది దొరికినా కారు ధర ఒక్కసారిగా మారిపోతుంది.

స్మాల్ బ్లాక్ (చిన్న వీ8) షెవర్లేలో ఇంజిన్ నంబరు ముందువైపు, ప్యాసింజర్ వైపు హెడ్‌కు ఆనుకుని ఉన్న చిన్న చదును మీద ఉంటుంది. చిన్న టార్చి పక్కనుంచి, దాదాపు ఆ చదునుకు సమాంతరంగా పట్టి చూడండి. ఫ్యాక్టరీలో ఆ చదును బ్రోచింగ్ యంత్రంతో చెక్కారు కాబట్టి ముందునుంచి వెనక్కి సన్నటి తిన్నని గీతలు కనబడాలి, దువ్వెనతో దువ్వినట్టు. ఆ గీతల మీద అక్షరాలుండాలి. గీతలు వంపు తిరిగి గుండ్రంగా ఉన్నా, అద్దంలా నున్నగా ఉన్నా బ్లాక్‌ను తర్వాత మెషిన్ షాపులో డెక్ చేశారని, అంటే పైతలం మళ్లీ చెక్కి చదును చేశారని అర్థం. డెక్ చేస్తే పాత నంబరు చెరిగిపోతుంది. మరి ఇప్పుడున్న నంబరు ఎక్కడిది? ఎవరో మళ్లీ కొట్టారన్నమాట. రీస్టాంప్ అంటారు దీన్ని. ఇంజిన్‌ను రీబిల్డ్ చేయడం తప్పేమీ కాదు, నంబరు మళ్లీ కొట్టి అసలుదని అమ్మడమే మోసం.

1969 షెవర్లే కమారో జెడ్28 చూసేటప్పుడు నార్‌వుడ్ ఫ్యాక్టరీ కారైతే ట్రిమ్ ట్యాగ్ (రంగు, లోపలి అమరికల కోడ్‌లున్న రేకు) మీద ఎక్స్33 లేదా ఎక్స్77 ఉందేమో చూడండి. ఆ మోడల్ సంవత్సరం మొదట్లో వచ్చిన కార్లకూ లాస్ ఏంజెలెస్ ఫ్యాక్టరీవాటికీ ఆ కోడ్ ఉండదు, లేనంత మాత్రాన దొంగది అనేయకూడదు. పోంటియాక్‌కు పీహెచ్ఎస్ అనే సంస్థ ఫ్యాక్టరీ బిల్లుల నకళ్లు ఇస్తుంది. 1964, 65 జీటీఓలు కొనేవాళ్లకు అవి తప్పనిసరి, ఎందుకంటే అప్పట్లో జీటీఓ కూడా ఆప్షనే, విన్‌లో మామూలు మోడలైన లెమాన్స్ అనే ఉంటుంది.

క్రైస్లర్ వాళ్ల కార్లు అన్నిటికంటే తేలిక. విన్ ఐదో అక్షరంలోనే ఇంజిన్ ఉంటుంది. 1970, 71 కార్లలో ఆర్ అంటే 426 హెమి, వి అంటే మూడు కార్బ్యురేటర్ల 440. ఆ ఒక్క అక్షరం విలువ ఎంతో చూడండి: 1971లో హెమి కుడా (ప్లిమత్ బరాకుడాకు హెమి ఇంజిన్ వేసిన రకం) కన్వర్టిబుల్స్ 11 మాత్రమే చేశారు, వాటిలో ఒకటి 2014లో సియాటిల్ మీకమ్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. అదే సంవత్సరం, అదే బాడీ, చిన్న వీ8 ఉన్న బరాకుడా కన్వర్టిబుల్ అందులో వీసమెత్తు కూడా చెయ్యదు.

కేటలాగు భాష గురించి ఒక ముక్క. ట్రిబ్యూట్, క్లోన్, రీక్రియేషన్ అని ఉంటే నకలు అని వాళ్లే ఒప్పుకున్నట్టు, దాంతో పేచీ లేదు. పేచీ అంతా "అని నమ్ముతున్నాం", "అని యజమాని చెప్పారు", "పీరియడ్ కరెక్ట్", "డేట్ కోడ్ కరెక్ట్" లాంటి మాటలతోనే. డేట్ కోడ్ కరెక్ట్ అంటే చాలాసార్లు అసలు ఇంజిన్ పోయింది, ఆ కాలపుది ఇంకోటి తెచ్చి పెట్టారని. మైలేజీ సంగతీ అంతే: 1967 మస్టాంగ్ ఓడోమీటర్‌లో పూర్తి మైళ్లకు ఐదు గళ్లే. 42 వేలని ఉంటే అది 42 వేలైనా కావచ్చు, 1 లక్షా 42 వేలైనా కావచ్చు. బ్రేక్ పెడల్ రబ్బరు, డ్రైవర్ వైపు డోర్ ఆనించే చోటు అరిగిన తీరు చూస్తే తెలుస్తుంది.

పైన పటారం, లోన లొటారం

నికార్సైన కాగితాలున్నా ఇనుము పోతే పోయినట్టే. మస్టాంగ్‌లో మొదట పోయేది కౌల్. విండ్‌షీల్డ్ కింద, గాలి లోపలికి వచ్చే జాలీల అడుగున ఉండే పెట్టె లాంటి భాగం అది. ఆకులు, మట్టి చేరి నీరు నిలిచి తుప్పు తింటుంది. ఇంట్లో కొంటే జాలీలో చెంబెడు నీళ్లు పోసి డ్యాష్ కింద కారుతోందా అని చూస్తారు. వేలంలో ఎవరూ నీళ్లు పొయ్యనివ్వరు. అందుకని డ్యాష్ కింద తల పెట్టి, హీటర్ పెట్టె చుట్టూ టార్చితో చూడండి, గోధుమ రంగు చారలుంటే కౌల్ కారుతోంది. రెండు వైపులా కార్పెట్ ముందు మూల ఎత్తి చేత్తో తడమండి, ముక్కిపోయిన వాసన వస్తోందేమో కూడా చూడండి. కౌల్ బాగుచెయ్యాలంటే పదుల కొద్దీ స్పాట్ వెల్డులు డ్రిల్‌తో తీసి, కొత్త రేకు వేసి, మళ్లీ రంగు వెయ్యాలి. రేకు ఖరీదు తక్కువే, కూలీ వేలల్లో ఉంటుంది.

తర్వాత కింద పడుకుని చూడాల్సినవి: ముందు కాళ్లు పెట్టుకునే చోటి కింద, ఫ్రేమ్ రెయిల్‌ను డోర్ కింది దూలానికి కలిపే టార్క్ బాక్సులు, ముందు వెనక ఫ్రేమ్ రెయిల్స్, ఫ్లోర్ పాన్ (కారు నేల రేకు). హుడ్ కింద షాక్ టవర్లు (ముందు సస్పెన్షన్ ఆనే నిలువు రేకు భాగాలు) చీలతాయి, ముఖ్యంగా బరువైన 390 ఉన్న కార్లలో. అక్కడ మందపాటి వెల్డింగ్ గడ్డలుంటే చీలినదాన్ని అతికించారని అర్థం. అడుగున అంతా కొత్త నల్ల తారు పూత కనిపిస్తే, అది పాత కారుకు చేసిన సేవ అనుకోకండి. ఏం దాస్తోందో చూడండి.

పెయింట్ మందం కొలిచే మీటరు ఒకటి కొనుక్కెళ్లండి. ఫ్యాక్టరీ పూత 4 నుంచి 6 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. మళ్లీ రంగు వేసింది 8 నుంచి 12 దాకా వస్తుంది, అది మామూలే. 20 దాటితే కింద పుట్టీ ఉంది. వెనక చక్రాల పైన, డోర్ల కింది అంచున, వెనక కిటికీ మూలల్లో కొలవండి. యజమాని పక్కనే ఉంటే అడిగి మరీ కొలవండి. వద్దన్నాడంటే మీకు జవాబు దొరికినట్టే.

హాల్లో ఏం జరుగుతుంది

కారు వేదిక మీద ఉండేది రెండు మూడు నిమిషాలే. కాబట్టి చూడ్డమంతా ముందు రోజే అయిపోవాలి. నడిపి చూడనివ్వరు. కానీ కారును క్యూలోకి తెచ్చేటప్పుడు స్టార్ట్ చేస్తారు, అక్కడ నిలబడండి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంది, నీలం పొగ వచ్చిందా, గేరు వెయ్యగానే చప్పుడైందా అన్నది ఆ అర నిమిషంలో తెలుస్తుంది. కొనేది ఉన్నదున్నట్టుగా, ఏ హామీ లేకుండా. సుత్తి పడ్డాక కారు మీదే.

బారెట్-జాక్సన్‌లో ఎక్కువ కార్లు నో రిజర్వ్, ఎంత వస్తే అంతకు అమ్మేస్తారు. మీకమ్‌లో రిజర్వ్ (అంతకు తక్కువకు అమ్మనని యజమాని పెట్టే కనీస ధర) పెట్టుకున్నవి చాలా ఉంటాయి. రిజర్వ్ అందేదాకా వినిపించే పాటలన్నీ మనుషులవే అనుకోవద్దు. అమ్మేవాడి తరఫున వేలంపాటదారే గాల్లోంచి పాట అందుకోవడం ఉంది, షాండిలియర్ బిడ్ అంటారు. చాలా చోట్ల నిబంధనల్లో ముందే రాసి ఉంటే అది చట్టబద్ధమే. "రిజర్వ్ ఎత్తేశారు" అని ప్రకటించిన క్షణం నుంచే అసలు ఆట. అప్పటిదాకా చెయ్యెత్తకుండా కూర్చోవడం నేర్చుకోండి. మీ ముందుకొచ్చి కేకలేసి చెయ్యెత్తించే రింగ్‌మన్ చాలా సరదా మనిషే, కానీ అతని జీతం మీ పాట పెరగడంలో ఉంది.

రిజర్వ్ అందక అమ్ముడుపోని కార్ల కోసం మీకమ్‌లో బిడ్ గోస్ ఆన్ అని ఒక కౌంటర్ ఉంటుంది. వేదిక దిగాక తీరిగ్గా బేరమాడొచ్చు. బడ్జెట్ ఇరుకుగా ఉన్నవాళ్లకు నా సలహా అదే. ఇంకోటి, శనివారం మధ్యాహ్నం టీవీ లైట్ల కింద పోయే కార్లకూ వారం మొదట్లో పొద్దున్నే సగం ఖాళీ హాల్లో పోయే కార్లకూ ధరలో తేడా ఉంటుంది. మీకు కావాల్సిన కారు మంగళవారం పొద్దున ఉంటే ఆ రోజే వెళ్లండి. వేలంవెర్రి అనే మాట ఊరికే పుట్టలేదు.

టీవీలో చూసే కొన్ని ధరలను అసలు లెక్కలోకే తీసుకోకూడదు. కొత్త మోడల్ మొదటి కారును సేవా సంస్థల కోసం వేలం వేస్తారు. 2020 కార్వెట్ మొదటిది బారెట్-జాక్సన్‌లో 30 లక్షల డాలర్లకు పోయింది. అది మార్కెట్ ధర కాదు. బాలాపూర్ లడ్డూ పాట చూసి లడ్డూ కిలో ఎంతో లెక్కగట్టం కదా.

ధరలు పెరుగుతూనే ఉంటాయా?

పెట్టుబడి అనుకుని కొంటుంటే ఈ ఒక్క కారు చరిత్ర చూడండి. కారల్ షెల్బీ సొంతానికి వాడిన 427 కోబ్రా సూపర్ స్నేక్ 2007 జనవరిలో, మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ వేసిన ఆ కాలపు అమెరికన్ కార్ల) మోజు శిఖరాన ఉన్నప్పుడు, బారెట్-జాక్సన్‌లో ప్రీమియంతో 55 లక్షల డాలర్లు పలికింది. అదే కారు, అదే వేదిక, 2015లో 51.15 లక్షలు. 2021లో మీకమ్‌లో 59.4 లక్షలు. పద్నాలుగేళ్లలో ధర పెరిగింది 8 శాతం. ఇన్సూరెన్సు, షెడ్డు, అమ్మకం కమిషన్, ద్రవ్యోల్బణం తీస్తే నష్టమే. అది ప్రపంచంలో ఒక్కటే ఉన్న కారు! ఇక లక్షల్లో తయారైన మస్టాంగ్ సంగతి చెప్పక్కర్లేదు.

ఏ కారు పెరుగుతుందన్నది ఎక్కువగా దాన్ని కుర్రతనంలో చూసి కలలుగన్నవాళ్లు ఇప్పుడు ఏ వయసులో ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1955-57 థండర్‌బర్డ్‌లు, మోడల్ ఎ ఫోర్డ్‌ల కోసం పాడే తరం పెద్దదైపోయింది, ఆ ధరల్లో ఊపు లేదు. యుద్ధానికి ముందువన్నీ పడిపోయాయనీ కాదు. హాలీవుడ్ నటుడు గారీ కూపర్ వాడిన 1935 డ్యూసెన్‌బర్గ్ ఎస్ఎస్‌జే 2018లో కాలిఫోర్నియా పెబుల్ బీచ్ వేలంలో 2.2 కోట్ల డాలర్లు పలికింది. ఎస్ఎస్‌జేలు చేసిందే రెండు. కొసన ఉన్నవాటి లెక్క వేరు, మధ్యలో ఉన్నవాటి లెక్క వేరు. 1959 కాడిలాక్‌లలో చూడండి: సిరీస్ 62 కన్వర్టిబుల్స్ 11,130, ఎల్డొరాడో బియారిట్జ్‌లు 1,320. రెండిటికీ అవే రెక్కలు, అవే తూటా దీపాలు, ధర మాత్రం బియారిట్జ్‌కు చాలా ఎక్కువ.

మెక్‌క్వీన్ మస్టాంగ్‌కు అంత రావడానికి సినిమా ఒక్కటే కారణం కాదు. 1974లో ఒక కుటుంబం 6 వేల డాలర్లకు కొని మామూలు కారులా వాడుకుంది. తర్వాత దశాబ్దాల పాటు కదలకుండా ఉండిపోయింది. పైరూపును ఎవరూ కొత్తదానిలా మార్చలేదు. తనకు తిరిగి అమ్మమని మెక్‌క్వీన్ రాసిన ఉత్తరం కూడా కారుతోపాటే ఉంది. కాగితమూ ఇనుమూ రెండూ చెక్కుచెదరని కేసు అది. అందుకే మీకు దొరికిన పాత కారు అసలు రంగుతో, మాసిపోయి ఉంటే తొందరపడి మెరిపించకండి. ఒకసారి తీసేసిన ఫ్యాక్టరీ రంగు మళ్లీ రాదు.

ఆధునిక ఇంజిను, ఏసీ, డిస్క్ బ్రేకులు వేసిన రెస్టోమాడ్‌లు ఇప్పుడు మామూలు అసలు కార్ల కంటే ఎక్కువ పలుకుతున్నాయి. నడపడానికి హాయి, ఒప్పుకుంటాను. కానీ పదేళ్లకు ఆ చక్రాలు, ఆ స్క్రీన్లు పాతబడతాయి. కట్టించడానికి అయినంత డబ్బు వేలంలో తిరిగి రావడం అరుదు. కాబట్టి కట్టించుకోకండి, ఎవరో కట్టించింది కొనుక్కోండి.

ఇంటికొచ్చాక

ఇన్సూరెన్సు ట్రాన్స్‌పోర్టర్ వచ్చేలోపే తీసుకోండి. పాలసీలో అగ్రీడ్ వాల్యూ అని ఉండాలి, స్టేటెడ్ వాల్యూ కాదు. మొదటిదానిలో కారు పూర్తిగా పోతే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు. రెండోదానిలో అంతకంటే తక్కువ కట్టే వెసులుబాటు కంపెనీకి ఉంటుంది. టైటిల్ కాగితం కారుతోపాటే రాకపోవచ్చు, కొన్ని వారాల్లో వస్తుంది. వచ్చాక విన్‌లోని 11 స్థానాలూ ఏప్రన్‌తో ఒక్కొక్కటీ కలిపి చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా కౌంటర్లో గొడవ.

టైర్లు తళతళలాడుతుంటాయి, మోసపోకండి. పక్కగోడ మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి: 2311 అంటే 2011లో 23వ వారం. పదేళ్లు దాటితే గాడి ఎంతున్నా మార్చాల్సిందే. పెట్రోల్ గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వెయ్యండి, పాత రబ్బరు మెత్తబడి ముక్కలు కార్బ్యురేటర్‌లోకి పోతాయి. అంతకంటే ముఖ్యం, వేడి ఇంజిన్ మీద కారితే మంట. బ్రేక్ ఫ్లూయిడ్ మొత్తం తీసి డాట్ 3 నింపండి. 1967లో ముందు డిస్క్ బ్రేకులు ఆప్షన్ మాత్రమే, నాలుగూ డ్రమ్ములే ఉంటే డాలస్ ఫ్రీవే మీద ముందు కారుకు మామూలు కంటే రెట్టింపు దూరం పాటించండి. ఇంజిన్ ఆయిల్ కామ్రీ లాంటి ఇప్పటి కారుకు వేసేది వెయ్యొద్దు. ఈ ఇంజిన్లలో ఫ్లాట్ ట్యాపెట్ కామ్‌షాఫ్ట్ ఉంటుంది, దానికి జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి. లేకపోతే కామ్ లోబులు అరిగి, కొన్ని వేల మైళ్లలోనే ఒక సిలిండర్ కొట్టుకోవడం మొదలవుతుంది.